సున్నా నొక్కని లంగరు పండుగ

బహుళ సప్తమి

రెండో లంగరు దిమ్మ. ఓలేటి పోలేశ్వర్రావు ఇల్లు. తాడు బాగుంది, దిమ్మ బాగుంది, స్క్రీను మీద బరువు రెండు టన్నులు.

ఆఫీసుకి ఇంతవరకు రాస్తే చాలు. నాకు మాత్రం ఈవేళ చాలదు! ఇంటి కింద దిమ్మ ఉన్న ప్రతివాళ్ళూ రోజూ తాడు సంగతి రాసి పంపాలని మా కొత్త కోరంగి నియమం. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఎవరైనా చదివారో లేదో ఆ గంగమ్మకే తెలియాలి. ఇకమీదట చదువుతారు. చదివేది మా అమ్మాయే! మా నూకరత్నం ఊరికి చానళ్ళ ఆఫీసరయింది. నాకు నలభై ఎనిమిదో ఏట పుట్టిన పిల్ల. అప్పుడు ఊరంతా ఒకటే నవ్వు, "పోలయ్యా, కూతురా మనవరాలా?" అని. ఇప్పుడు నవ్వండి చూద్దాం! ఎనిమిది తాళ్ళు ఈ తెప్పల ఊరిని సముద్రం మీద పట్టుకుని ఉంటే, ఆ ఎనిమిది తాళ్ళూ ఒక్కో చానల్లో చెప్పేది వినే మనిషి మా రత్నం.

సంతోషం అక్కడితో ఆగిందా? ఈ అమావాస్యకి లంగరు పండుగ. సున్నా నొక్కే వంతు ఈ ఏడు నాది. ఆఫీసు గోడకి వరసగా ఉన్న ఎనిమిది పెట్టెలకీ పసుపు రాసి, బొట్టు పెట్టి, "పోయినేటి బరువు పోయినేటితోనే పోవాలి" అంటూ ఒక్కో ఎర్ర మీటా నొక్కాలి. స్క్రీను మీద అంకెలన్నీ సున్నాకి దిగుతాయి. ఆ సున్నాతో ఊరికి కొత్త ఏడాది మొదలు. కూతురి ఆఫీసులో, కూతురి ఎదుట, నేను! జరీ అంచు పంచె తెప్పించుకున్నాను. మా అచ్చియమ్మ చూసి, "పెళ్ళికి కూడా ఇంత మంచిది కట్టలేదు గదయ్యా" అంది. అప్పుడు నాకింత సంతోషం లేదన్నాను. రాత్రి కూర వడ్డించలేదు.

మంచం కాలి కింద చెక్క మార్చాను. దిమ్మ ఉన్న మూలకి నేల వాలుతుంది కదా, పాత చెక్క చాలడం లేదు. మజ్జిగ గిన్నె కింద పెడితే దానంతటదే నడుచుకుంటూ గోడ దాకా పోతోంది. ఊరు పాతబడితే నేల వాలదా మరి? మేమూ వాలాం.

బహుళ నవమి

ఒడ్డు నుంచి పడవ మీద కొత్త పెట్టెలు దిగాయి. పాతవి ఉప్పుగాలికి తుప్పుపట్టి పోయాయి. రత్నం మొట్టమొదట మన రెండో చానలుకే బిగించింది. నేను ఆఫీసులో స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "మా అమ్మాయే" అని చెప్పాను. తెలియనివాళ్ళెవరూ లేరు. అయినా చెప్పాను.

ఆ పెట్టె ఎందుకో నాకివాళే అర్థమైంది. దిమ్మలో తాడు కింద ఒక ఇనప బిళ్ళ ఉంటుంది, అదే సెన్సారు. తాడు లాగినకొద్దీ అది వెంట్రుకవాసి నలుగుతుంది. ఆ నలుగుడుకి చీమ గొంతంత కరెంటు పుడుతుంది. కంప్యూటరుకి అది వినపడదు. బయట పెట్టిన ఈ పెట్టె ఆ గొంతుని వందింతలు చేసి, జనరేటరు రొద వడగట్టి, అప్పుడు లోపలికి పంపుతుంది.

"అయితే నాన్నా, బయట పెట్టె ఉందనీ, వందింతలు చేసిందనీ కంప్యూటరుకి మనమే చెప్పాలి. ఏ చానలుకి ఆ చానలే చెప్పాలి. చెప్పకపోతే ఆ అరుపే అసలు గొంతనుకుంటుంది," అంది రత్నం.

చెప్పడం మరిచిపోయింది! స్విచ్చి వెయ్యగానే స్క్రీను మీద రెండువేల ఆరువందల టన్నులు! నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. రత్నం నాలుక కరుచుకుని, వంద అని నొక్కింది. అంకె దిగింది. దిగి, ఇరవై ఆరు దగ్గర ఆగింది.

పొద్దున్న పాత పెట్టె చూపించింది రెండు. అదే తాడు, అదే బిళ్ళ, అదే వైరు.

అప్పుడే వచ్చాడు మా బావ తాతారావు. ఊరికి పెద్ద. మా చెల్లెలు చిట్టెమ్మ మొగుడు. స్క్రీను చూశాడు, రత్నాన్ని చూశాడు.

"ముందు రెండువేల ఆరొందలంట, ఇప్పుడు ఇరవై ఆరంట. కంగారు పడకమ్మా, సాయంత్రానికి అదే రెండుకి దిగుద్దిలే," అన్నాడు.

అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది గాని, చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ అంతే, ఏడుపు చెవుల్లో కనపడుతుంది.

బహుళ ఏకాదశి

తాడు బాగుంది అని రాయాలా వద్దా తెలియడం లేదు. పాత పెట్టె ప్రకారం బాగుంది. కొత్త పెట్టె ప్రకారం తెగడానికి సిద్ధంగా ఉంది. ఆ తాడు ముప్పై టన్నులకి మించి ఆగదట.

రత్నం రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. వైర్లు విప్పి మళ్ళీ బిగించింది. వడపోత మార్చింది. వేరే కొత్త పెట్టె పెట్టింది, అదీ ఇరవై ఆరే అంది. ఒడ్డు మీద కంపెనీని అడిగితే, పండగయ్యాక మనిషిని పంపుతామన్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు మంచినీళ్ళ కుళాయి దగ్గర, "రత్నం పెట్టెకి దిష్టి తగిలిందంటగా" అంటుంటే అచ్చియమ్మ బిందె అక్కడే వదిలేసి వచ్చింది.

"నువ్వే ఊరంతా తిరిగి ఆఫీసరు ఆఫీసరని చాటించావు. దిష్టి తగిలితే నీదే తగిలుంటాది," అంది నాతో.

తాతారావుని తప్పు పట్టలేను. ఊరు కట్టిన మొదటి ఏడు తుఫానులో తాళ్ళు సడలి, చివరి వరస తెప్పలు విడిపోయి కొట్టుకుపోయాయి. చిట్టెమ్మ ఆ వరసలో ఉంది. ఆ మర్నాడు బతికినవాళ్ళందరం తాళ్ళు బిగించి, పెట్టెల మీద పోయినవాళ్ళ పేర్లు చెప్పుకుంటూ సున్నా నొక్కాం. బరువు దించుకున్నాం. అప్పటి నుంచి అదే పండుగ. తాడు బిగువుగా ఉందని చెప్తే బావకి నిద్రపడుతుంది. సడలించాలంటే ఆయన కళ్ళకి చిట్టెమ్మే కనపడుతుంది. నాకూ కనపడుతుంది.

బహుళ ద్వాదశి

రేవు నుంచి వచ్చి ఆదరాబాదరాగా రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే క్షమించాలి.

రత్నం పొద్దున్నే లేచి, "నాన్నా, పెట్టె అబద్ధమాడుతుందో లేదో మనకి తెలిసిన బరువు పెట్టి చూద్దాం పద," అంది. చేపల రేవులో క్రేనుకి, ఆఫీసు స్టోరులో వాడకుండా పడున్న ఒక సెన్సారు తగిలించింది. దానికి మంచినీళ్ళ ట్యాంకు వేలాడదీసింది. నిండు ట్యాంకు సరిగ్గా టన్ను. కొత్త పెట్టె ఒకటి అంది!

"నన్నెక్కించు," అన్నాను. నమ్మకం కుదరాలంటే నన్ను నేను తూచుకోవాలనిపించింది. ట్యాంకు మీదెక్కి కూర్చున్నాను. ఒకటి పాయింటు సున్నా ఆరు! నా బరువుని కూడా పట్టేసింది! ఆనందం ఆగక అక్కడే చప్పట్లు కొట్టబోతే ట్యాంకు ఊగింది. కింద నుంచి అచ్చియమ్మ, "ఎండుచేప తగ్గించమంటే విన్నావా? ఊరికే దొరికిపోయావు," అని అరిచింది.

నన్నూ ట్యాంకునీ కిందికి దింపారు. కొక్కేనికి ఇప్పుడేమీ లేదు. కొత్త పెట్టె సున్నా అంది. రత్నం అదే సెన్సారు వైరు తీసి పాత పెట్టెకి పెట్టింది.

మైనస్ ఇరవై నాలుగు.

నేను మళ్ళీ చూశాను. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. కొక్కేనికి గాలి తప్ప ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని ఆ పెట్టె, ఏమీ లేనిదానికంటే ఇరవై నాలుగు టన్నులు తక్కువ అంటోంది! ఈ వయసుకి చాలా చూశాను. తుఫాను చూశాను, తిమింగలం చూశాను. సున్నాకి కింద అంత లోతుంటుందని చూడలేదు.

రత్నం రేవు మెట్ల మీద కూలబడింది.

"పెట్టె చెడిపోలేదు నాన్నా. మనం చెప్పినట్టే విన్నది. ఏటా తాడు మీద బరువు ఉండగానే సున్నా నొక్కాం. ఇప్పుడున్నదే సున్నా అనుకో అని చెప్పాం. అనుకుంది. మరుసటి ఏడు ఇంకాస్త బరువు, మళ్ళీ సున్నా. అన్నీ కలిపితే ఇరవై నాలుగు. స్క్రీను మీద రెండు. అసలు తాడు మీద ఇరవై ఆరు."

"బరువు ఎందుకు పెరిగిందే?"

"సముద్రం ఏటా కాస్త కాస్త లేస్తోంది కదా. దాంతో ఊరు లేవాలి. తాళ్ళు అంతే పొడుగున్నాయి. తెప్పలు కూడా పెరిగాయి. ఆ బరువంతా ఎక్కడో ఒకచోట ఆగాలి కదా నాన్నా."

అమావాస్య పోటుకి ఇంకో నాలుగైదు టన్నులు పడుతుంది. ఇరవై ఆరుకి నాలుగు కలిపితే ఎంతో నాకు రత్నం చెప్పక్కర్లేదు.

ఇన్నాళ్ళూ నేను ఈ పుటల్లో తాడు బాగుంది, తాడు బాగుంది అని రాస్తూ వచ్చాను. దేవుడా!

బహుళ చతుర్దశి

మిగతా ఏడు చానళ్ళకీ రత్నం కొత్త పెట్టెలు పెట్టేసింది. ఈసారి వంద అని చెప్పడం మరిచిపోలేదు. అన్నీ ఇరవై పైనే. మనదే అన్నిటికంటే ఎక్కువ.

తాతారావు ఇంటికి వచ్చాడు. అచ్చియమ్మ టీ ఇస్తే చేత్తో పట్టుకున్నాడు, కింద పెట్టలేదు. మా నేల మీద గ్లాసు నిలవదని ఆయనకి తెలుసు.

"రత్నం తాళ్ళు సడలించమంటంది. నేను ఊరుకోను పోలయ్యా. సడలిన తాడు ఏం చేసిందో నీకు నేను చెప్పాలా?"

"మావయ్యా, తెగితే..." అని రత్నం అనబోయింది.

"కొత్త పెట్టెలకీ సున్నా మీట ఉందా లేదా?"

"ఉంది."

"అయితే రేపు మీ నాన్న నొక్కుతాడు. పండగ పండగలా జరుగుద్ది. తర్వాత ఒడ్డు నుంచి వచ్చినోడు చూస్తాడు. ఊరంతా వంతు కోసం చూస్తంటే పోలయ్యకి దొరికింది. చేజార్చుకోకండి."

ఆయన వెళ్ళాక రత్నం నొక్కొద్దని అనలేదు. నా పంచె మడత విప్పి, ఇస్త్రీ చేసి, కుర్చీ మీద వేసింది. ఇరవై ఎనిమిది దాటితే అరిచే సైరను కొత్త పెట్టెల్లో ఉందట. నేను సున్నా నొక్కితే అది నోరు మూసుకుంటుంది. ఊరు నిశ్చింతగా పులిహోర తింటూ కూర్చుంటుంది. పోటు వస్తుంది.

మంచం మీద కూర్చున్నాను. కాళ్ళ దగ్గర ఆ చెక్క. చాలాసేపు దాన్నే చూశాను.

అమావాస్య

రాయడానికి ఇప్పుడు కూర్చున్నాను. ఒళ్ళంతా ఉప్పు, పంచె చిరిగింది, జరీ ఎటు పోయిందో తెలీదు. అయినా వరసగా చెప్తాను.

పొద్దున్న ఆఫీసు నిండా జనం. బయట వంతెనల మీద జనం. పెట్టెలన్నిటికీ పసుపు రాశాను. బొట్టు పెట్టాను. మీట నొక్కడం వంతు వచ్చినవాళ్ళ తాడుతోనే మొదలు, అంటే మన రెండోదానితో. స్క్రీను మీద ఇరవై ఆరున్నర. బయట నీళ్ళు పైకొస్తున్నాయి. నేను చూస్తుండగానే ఇరవై ఏడు. ఎర్ర మీట మీద వేలు పెట్టాను. మంత్రం నోటిదాకా వచ్చింది.

నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"బావా, మీ మంచం కాలి కింద ఏముంది?"

తాతారావు బిత్తరపోయాడు. "ఏటి?"

"మీ ఇంట్లోనూ దిమ్మ ఉంది కదా. మంచం కాలి కింద ఏం పెట్టావు?"

"ఇప్పుడు మంచం గొడవేటి, పోలయ్యా?"

"చెప్పు బావా."

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఇటుక," అన్నాడు.

"ఒకటా?"

"... రెండు. పోయినేడు రెండోది పెట్టేను."

అంతే! వెనక నుంచి ఐదో దిమ్మ ఇంటి కోడలు, "మాది పడవ చెక్కండి బాబాయిగారూ," అంది. ఎవరో, "మా బీరువా కింద టైరు ముక్క, ఆయ్," అన్నాడు. "మా అత్తకి దిండు కింద దిండు!" అని ఇంకొకరు. ఎనిమిది దిమ్మల ఇళ్ళవాళ్ళూ ఉన్నారక్కడ. ఒక్కరింట్లో కూడా మంచం తన కాళ్ళ మీద తాను నిలబడి లేదు! ఇన్నేళ్ళూ ఎవరింట్లో వాళ్ళం చెక్కలు పెట్టుకున్నామే గాని, పక్కింటివాణ్ణి అడగలేదు.

రత్నం పాత పెట్టె, ఖాళీ సెన్సారు తెచ్చి బల్ల మీద పెట్టింది. తాతారావు దాన్ని చేత్తో ఎత్తి, కింద ఏమీ వేలాడడం లేదని తిప్పి తిప్పి చూశాడు. మైనస్ ఇరవై నాలుగు.

"మనం నొక్కి నొక్కి పంపేసిన బరువు ఎక్కడికీ పోలేదు బావా," అన్నాను. "మన మంచాల కిందే ఉంది. చిట్టెమ్మ సడలిన తాడుతో పోయింది. అది నాకూ తెలుసు. మనం తెగిన తాడుతో పోతాం."

ఆయన సెన్సారుని మెల్లగా బల్ల మీద పెట్టాడు. స్క్రీను ఇరవై ఏడున్నరకి వచ్చింది. కండువా తీసి నడుముకి బిగించాడు.

"రత్నం, ఎంత వదలాలో నువ్వు చెప్పు. నేను మొయ్యడానికే పెద్దని గాని లెక్కకి కాదు," అన్నాడు.

రత్నం మైకు పట్టుకుంది. ప్రతి దిమ్మకీ తాడు చుట్టిన చక్రం ఉంటుంది, మనుషులు వాటి దగ్గరికి పరిగెత్తారు. నేనూ అచ్చియమ్మా మా ఇంటికి పరిగెత్తాం. "ఒక్క చుట్టు వదలండి! ఆగండి! అంకె చూడనివ్వండి! ఇంకొక్క చుట్టు!" ఆ గొంతు మా అమ్మాయిదంటే నమ్ముతారా? ఊరంతా ఆ గొంతుతోనే కదిలింది. ఏడు తాళ్ళూ దిగాయి. ఇరవై, పద్దెనిమిది, పదిహేను.

మా రెండోది దిగలేదు. చక్రం తిరిగింది గాని తాడు కదలదు. తెప్ప అంచులో తాడు దిగే కంత నిండా గుల్లలు పట్టి రాయిలా అయిపోయింది. మిగతావి సడలినకొద్దీ వాటి బరువంతా మా తాడు మీదికి వచ్చి పడింది. సైరను మోత! మైకులో రత్నం, "అందరూ ఆపండి! రెండో దిమ్మ ఇరవై తొమ్మిది! నాన్నా, అక్కడి నుంచి వచ్చెయ్యి! అమ్మని తీసుకుని వచ్చెయ్యి!"

కాళ్ళ కింద నేల కిర్రుమంటోంది. నేను అచ్చియమ్మని బయటికి నెట్టాను. తాతారావు గడ్డపార పట్టుకుని లోపలికి వచ్చాడు.

"కాళ్ళు పట్టుకో బావమరిదీ!" అని తెప్ప అంచు మీద బోర్లా పడుకుని, తల నీళ్ళలోకి వంచి గుల్లలు పొడవడం మొదలెట్టాడు. నేను ఆయన కాళ్ళ మీద కూర్చున్నాను. నా బరువు అరవై కిలోలని మొన్ననే తెలిసింది, అది దేనికి పనికొస్తుందో ఇప్పుడు తెలిసింది. అల వచ్చినప్పుడల్లా మనిషి మునిగిపోయేవాడు. పైకొచ్చి, "చిట్టెమ్మా!" అని ఒక పోటు. మునిగి లేచి, "చిట్టెమ్మా!" అని ఇంకో పోటు.

మూలిగినట్టు ఒక చప్పుడు. తాడు కంతలోంచి జర్రున జారింది. ఇల్లు, మేము, మంచం, గిన్నెలు, అన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి! ఏళ్ళుగా గోడకి అతుక్కున్న మజ్జిగ గిన్నె నడుచుకుంటూ ఇంటి మధ్యకి వచ్చి ఆగింది. నేనూ బావా నోళ్ళు తెరుచుకుని దాన్నే చూశాం.

సైరను ఆగింది. తర్వాత మైకులో, "రెండో దిమ్మ తొమ్మిది," అంది రత్నం. "నాన్నా, తొమ్మిది!" అంది. ఆ తర్వాత ముక్కు చీదడం ఊరంతటికీ వినపడింది.

శుద్ధ పాడ్యమి

రెండో లంగరు దిమ్మ. తాడు బాగుంది. ఈసారి నిజంగానే బాగుంది. బరువు తొమ్మిది టన్నులు. సున్నా నొక్కినదీ లేనిదీ రాయాలి: నొక్కలేదు. ఎనిమిది కొత్త పెట్టెల మీటల మీదా రత్నం ఇనప మూతలు బిగించేసింది. వచ్చే ఏటి నుంచి వంతు వచ్చినవాళ్ళు పసుపు రాసి, పోయినవాళ్ళ పేర్లు చెప్పి, ఆ రోజు బరువు ఎంతో గట్టిగా చదివితే చాలునట. ఇది మా బావ పెట్టిన పద్ధతి.

రత్నం ఇంకా నిద్రపోతోంది. నేను గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ, "మెల్లగా నడవండి, ఆఫీసరుగారు నిద్రపోతున్నారు," అని చెప్తున్నాను. అచ్చియమ్మ నా అరుపుకే పిల్ల లేచిపోతుందంటోంది.

మోచెయ్యి దోక్కుపోయింది. తెల్లారుతుండగా మంచం మీంచి పడ్డాను. నేల సమమైంది గాని కాలి కింద చెక్క తియ్యడం ఎవరికీ గుర్తు లేదు. దిమ్మ వైపు కాళ్ళు ఎత్తయిపోయి, అటు తిరిగి పడుకున్నవాణ్ణి ఇటు దొర్లి కింద ఉన్నాను. కింద పడి నవ్వుతుంటే అచ్చియమ్మ నాకు మతి పోయిందనుకుంది.

ఇది రాస్తుండగా వంతెన మీద తాతారావు వస్తున్నాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. చంకలో రెండు ఇటుకలు. గుమ్మం ముందు ఆగి, నా మోచేతి కట్టు చూశాడు.

"నువ్వూనా?" అన్నాడు.